లీ, లూ, లే, లో

భరణి నక్షత్రమట.
అయ్యగారు చీటీ మీద నాలుగక్షరాలు రాసిచ్చిండు:
లీ, లూ, లే, లో.
"వీటిల్నే దేంతోనన్న మొదలువెట్టుండ్రి" అన్నడు,
నూరు రూపాల నోటు రొంటిల చెక్కుకుంట.

రేపే ఇరవయ్యొక్కటి.
మేనత్తను నేను. చెవుల పేరు చెప్పేది నేనే.
తమ్ముడు ఫోన్ల ఎతుకుతున్నడు:
లీక్షిత, లోషిక, లేష్వి.
"అర్థమేందిరా?"
"బాగుంటదక్కా."

అప్పుడు యాదికొచ్చింది అటక మీది ఖాతా పుస్తకం.

మూడేండ్ల కింద కొత్తవాడకు ఒకామె వచ్చింది,
జంపఖాన నేసుడు నేర్చుకుంటనని.
పేరు విర్వె. దేశం ఎస్తోనియా.
యాడుంటదమ్మా అంటే
పడుగు మీద వేలు పెట్టి
పైకి, ఇంకా పైకి, దారం ఒడిసేదాక జరిపింది.

నలభై రోజులు మగ్గం గుంటల కాళ్లు వెట్టి కూసున్నది.
ఎనుమాములల మిర్చి దిగి
గాలి అటునుంచి కొట్టినప్పుడల్ల
తుమ్మి, నవ్వి, మళ్ల నాడె అందుకునేది.

ఒక మాపటీలి కరెంటు పోయింది.
నా పేరుకు అర్థమడిగింది.
సరోజన అంటే తామర అన్న.
మరి నీది?
రంగు బానల నీలిమందు నీళ్లను
ఒక్క వేలితోని కదిపి చూపిచ్చింది.
అల. అల మీది మెరుపు.

కొవ్వొత్తి ఎలుగుల, పుస్తకం ఎనక పేజీల
వాళ్లింటి ఆడోళ్లందర్ని రాసింది.
కింద నేను మన అక్షరాల్ల రాసుకున్న.
ఏహ, పొద్దుగూకినంక మిగిలే ఎరుపు. ముత్తవ్వ.
కోయిదు, తెల్లారగట్ల. ముత్తవ్వ చెల్లె.
ఇద్దరికి ఎన్నడు పడలేదట.
విల్య అంటే గింజ.
వైకె అంటే నిమ్మలం. వైకె నోరు మూసింది
సచ్చిపోయిననాడే అన్నది విర్వె.
లూలె, కవిత్వం.
లీలొ, పాట. ఒకామె అందుకుంటే
మిగిలినోళ్లు ఎనక నుంచి తిప్పి పాడేది.
మా బతుకమ్మకు గూడ అంతే అన్న నేను.

ఆఖరికి లెయిద.
దీనికి మాట దొరకలేదామెకు.
కండెను కింద పడేసింది.
చీకట్ల తడిమి తడిమి
మగ్గం కోడు కాన్నుంచి పైకెత్తి
"లెయిద!" అన్నది.

గీ పేర్లు చదువుతుంటే
మూలకు కూసోని నాయినమ్మ ఇంటున్నది.
పెంటమ్మ ఆమె పేరు.
ముందు నలుగురు పుట్టి పోతే
ఐదోదాన్ని చాటల ఏసి పెంటకుప్ప మీద పండవెట్టిండ్రు,
సావుకు ఏవగింపు పుట్టాలెనని.
పక్కింటామె ఎత్తుకొచ్చి
మానెడు నూకలకు అమ్మింది, కన్నతల్లికే.
ఎనభై ఏండ్ల సంది అదే పేరు.
బ్యాంకుల పిల్లగాడు నవ్విండని
పాసుబుక్కుల పద్మ అని రాయించుకున్నది ఒకపారి.
మూడు నెలలు పింఛన్ ఆగింది.
మళ్ల పెంటమ్మే.

"లెయిద" అన్న నేను, గట్టిగ.
ఆమెకు ఒక చెవు ఇనరాదు.
"లేదా?" అని అడిగిననుకున్నది.
తొట్టె దిక్కు మెడ సాపి
"ఎందుకు లేదే! ఉన్నది గద!
కాళ్లు తంతాంది సూడు."

తమ్ముడు ఫోన్ పక్కకు పెట్టిండు.
"గదేం పేరే? అర్థమేంది?" అన్నది నాయినమ్మ.
దొరికింది అని, అని చెప్పిన.
శానాసేపు చీరె కొంగు మడతలు వెట్టుకున్నది.
"ఎన్ని నూకలకు?" అన్నది.

తెల్లారి పళ్లెంల బియ్యం మీద
ఉంగరంతోని లేఖ్య అని రాసిండ్రు.
మున్సిపాలిటీ కాయితంల అదే ఉంటది.
నేను చెవుల చెప్పింది వేరే.

ఇప్పుడు దానికి ఎనిమిదో నెల.
పాకుకుంట మగ్గం చాటుకు పోతది.
నాయినమ్మ ఉన్నకాన్నుంచే పిలుస్తది:
"లేదా!"
పడుగు కింద
ఎవలో కండె గుంజుతున్న సప్పుడు.